రీటేకు లేని రంగులు!

సంక్రాంతి ఇంకో వారం వుందనగా మండపేటలో ఏ పాత మండువా లోగిలి ముందు నిలబడ్డా ఇలాంటి మాటలు వినిపించొచ్చు.

"ఒరే అబ్బాయ్! బూజులు దులిపావు, బానే వుంది. ఆ తాతగారి పటం అలా మసిబారిపోయి వుందేమిట్రా? తడిగుడ్డ పెట్టి ఓసారి గట్టిగా తుడు!"

"తుడిచాను మామ్మా, పోవట్లేదు. కాస్త సబ్బునీళ్ళు పెట్టనా?"

"సబ్బెందుకురా! బంగాళాదుంప కోసి ఆ ముక్కతో రుద్దితే అద్దంలా వస్తుందట. పక్కింటి పిల్ల చెప్పింది."

అంతే! అరగంట తరువాత పటం తళతళ... తాతగారి తలపాగా తెల్లగా మల్లెపువ్వులా... అంతా బాగానే వుంది. కాని తాతగారి బుగ్గ మీద వుండాల్సిన ఆ లేత ఎరుపేదీ? కంటిపాపలో వుండాల్సిన ఆ మెరుపు చుక్కేదీ? అవి బంగాళాదుంప ముక్కకి అంటుకుని ఎప్పుడో పెంటకుప్ప మీదికి వెళ్ళిపోయాయి.

సినిమా అభిమానులకి ఈ నష్టం సినిమా భాషలో చెబితే తేలిగ్గా బోధపడుతుంది. షాటు సరిగా రాకపోతే డైరెక్టరు "వన్ మోర్!" అంటాడు. ప్రింటు మీద గీతలు పడితే నెగెటివ్ నుంచి ఇంకో ప్రింటు తీస్తారు. 1957లో నలుపు తెలుపుల్లో వచ్చిన 'మాయాబజార్'కి 2010లో రంగులద్ది మళ్ళీ థియేటర్లకి తెచ్చారు. ఆ రంగులు నచ్చనివాళ్ళకి పాత 'మాయాబజార్' ఎక్కడికీ పోలేదు, అలాగే వుంది. మరి ఆయిల్ పెయింటింగుకో? నెగెటివ్ లేదు. రెండో ప్రింటు లేదు. రీటేకు అసలే లేదు! వున్నది ఒక్కటే కాపీ. దాని మీదనుంచి గోరంత రంగు లేచిపోతే, లేచిపోయినట్టే.

అందుకే పెద్ద మ్యూజియాల్లో పాత బొమ్మ శుభ్రం చెయ్యడమంటే గుడ్డా బక్కెట్టూ పట్టుకునే పని కాదు. అదొక శాస్త్రం. దాని రహస్యమంతా ఒక్క ముక్కలో చెప్పాలంటే, మురికి ఎలా తియ్యాలో తెలియడం సగం విద్య అయితే, ఎక్కడ చెయ్యి ఆపాలో తెలియడం మిగతా సగం.

ఇదంతా మన గోదావరి కుర్రకారుకి ఎందుకంటారా? మండపేటలో బస్సెక్కి ద్వారపూడి మీదుగా రాజమండ్రి వెళితే, అక్కడ అచ్చంగా మనవాడు గీసిన "ఒక్కటే కాపీ" బొమ్మలున్నాయి కాబట్టి!

ఇరవయ్యెనిమిదేళ్ళు నిండని హీరో

ఆ మనవాడి పేరు దామెర్ల రామారావు. 1897 మార్చి 8న రాజమండ్రిలో పుట్టారు. అప్పట్లో రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలుగా ఆస్వాల్డ్ కూల్డ్రే అనే దొర వుండేవాడు. ఆయన స్వయంగా చిత్రకారుడు. కుర్రాడి చేతిలో వున్న విద్యని ఇట్టే పసిగట్టాడు. ఆ ప్రోత్సాహంతో రామారావుగారు 1916లో బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరి, 1920లో చదువు ముగించి తిరిగొచ్చి, రాజమండ్రిలోనే చిత్రకళాశాల పెట్టారు. నీటిరంగులూ, నూనెరంగులూ రెండూ ఆయన చెప్పినట్టు వినేవి. 'సిద్ధార్థ రాగోదయం', 'పుష్పాలంకారం', 'ఋష్యశృంగ బంధనం' లాంటి పేర్లు వింటేనే ఆ మనసెలాంటిదో తెలుస్తుంది.

కథ అక్కడ హఠాత్తుగా తెగిపోయింది. 1925 ఫిబ్రవరి 6న మశూచికం ఆయన్ని తీసుకుపోయింది. ఇరవయ్యెనిమిదేళ్ళు నిండడానికి ఇంకో నెల వుంది! బొంబాయి నుంచి వచ్చాక ఆయనకి దక్కినవి అటూ ఇటుగా అయిదేళ్ళు. ఆయన సతీమణి సత్యవాణిగారు తనూ చిత్రకారిణే. ఆమే, మిత్రుడు వరదా వెంకటరత్నంగారూ ఆ బొమ్మల్ని కళ్ళల్లో పెట్టుకుని కాపాడారు. ఈనాడు రాజమండ్రిలో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ వుందంటే ఆ పుణ్యం అలాంటివాళ్ళదే.

అన్నట్టు, ఆ కూల్డ్రే దొర శిష్యుల్లో మన సినిమావాళ్ళకి దగ్గరి మనిషి ఇంకొకరున్నారు. ఆయనే అడివి బాపిరాజు! 'నారాయణరావు', 'గోన గన్నారెడ్డి' నవలలు రాసిన ఆ బాపిరాజుగారే 'అనసూయ', 'ధ్రువవిజయం', 'మీరాబాయి' చిత్రాలకి కళాదర్శకత్వం వహించారు. అంటే రాజమండ్రి కాలేజీ వరండాలో మొదలైన కుంచెల కథ స్టూడియో సెట్ల దాకా నడిచిందన్నమాట.

ఇప్పుడు ఆలోచించండి. అయిదేళ్ళలో గీసినవి తప్ప రామారావుగారి బొమ్మ ఇక మీదట ఒక్కటి కూడా పుట్టదు. అలాంటి బొమ్మ మీద చెయ్యి వెయ్యబోయేవాడికి చెయ్యి వణకొద్దూ?

బొమ్మకీ మేకప్ వుంటుంది

హీరోయిన్ ముఖానికి మేకప్ ఎలా వేస్తారు? ముందు బేస్, ఆ పైన పౌడరు, ఆ పైన బుగ్గలకి రూజు, ఆఖర్న టచప్. ఆయిల్ పెయింటింగు కూడా అచ్చు అలాగే, పొర మీద పొర.

అట్టడుగున కాన్వాసు గుడ్డ. గుడ్డ నూనె తాగెయ్యకుండా దాని మీద సరేసు పూత. అదేనండీ, వడ్రంగులు చెక్క అతికించడానికి వాడే జిగురు లాంటిదే. దాని మీద సుద్దో, సీసపు తెలుపో కలిపిన తెల్లటి పూత. ఆ పైన అసలు రంగు, అంటే రంగుపొడిని అవిసెగింజల నూనెలో నూరింది. ఆ రంగు మీద చిత్రకారుడు చివర్లో నీడలకీ, బుగ్గల ఎరుపుకీ అద్దాల్లాంటి పల్చటి పూతలు వేస్తాడు. మన టచప్ అన్నమాట! అన్నిటి కన్నా పైన వార్నిష్. పూర్వం డామర్, మాస్టిక్ లాంటి చెట్ల జిగుర్లతో చేసేవారు. మన గుగ్గిలం జాతివే ఇవి.

ఇందులో కిటుకు గమనించారా? బొమ్మకి ప్రాణం పోసే ఆ పల్చటి టచప్ పొర సరిగ్గా వార్నిష్ కిందే, తుడిచేవాడి చేతికి అందేంత దగ్గర్లో వుంటుంది. తడిగుడ్డతో రుద్దేవాడికి మొట్టమొదట దొరికేది అదే. ఇంకా ఘోరం ఏమిటంటే, రంగు పగుళ్ళలోంచి నీళ్ళు కిందికి దిగితే అడుగున వున్న సరేసు ఉబ్బుతుంది. సరేసు ఉబ్బితే పైనున్న రంగు పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. తుడిచిన రోజున ఏమీ తెలియదు. బొమ్మ బాగానే వుందని సంబరపడతాం. పెచ్చులు తరువాత మెల్లగా రాలతాయి.

పగలు కాస్తా రాత్రి అయిపోయింది!

ఇంతకీ బొమ్మ నల్లబడేది దేనివల్ల? సగం మన ఇంటి వల్ల, సగం దాని వార్నిష్ వల్ల.

మన డెల్టాలో పాత ఇళ్ళ సంగతి తెలిసిందే కదా. ఒకప్పుడు కిరసనాయిలు దీపాల మసి, పొయ్యి పొగ, దేవుడి ముందు సాంబ్రాణీ అగరొత్తులూ, రైసుమిల్లుల ఊకధూళి, ఆపైన ఈగల మచ్చలు. ఇవన్నీ గోదావరి గాలిలోని చెమ్మతో కలిసి పటం మీద జిడ్డుగా పేరుకుంటాయి. రోహిణీ కార్తె ఎండకి కాన్వాసు బిగుసుకుంటుంది, శ్రావణమాసం ముసురుకి సాగుతుంది. ఏటేటా ఈ బిగింపూ సాగుడూ పడలేక రంగు పగుళ్ళు బారుతుంది. 1986 ఆగస్టు వరదలోనూ, 1996 నవంబరు తుఫానులోనూ నానిన గోడల సంగతి పెద్దవాళ్ళనడగండి. చెమ్మ ఎక్కిన గోడకి తగిలించిన పటం వెనక బూజు పట్టకుండా వుంటుందా?

ఇక వార్నిష్. కొత్తలో అద్దంలా వుంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ పసుపుపచ్చగా, ఆ తరువాత టీ డికాషన్ రంగులోకి దిగుతుంది. నీలాకాశం పాచిరంగవుతుంది. తెల్లచీర గోధుమరంగవుతుంది.

దీనికి ప్రపంచ ప్రసిద్ధమైన ఉదాహరణ ఒకటుంది. సినిమాల్లో "డే ఫర్ నైట్" అనే టెక్నిక్ వుంది కదా, పట్టపగలు షూటింగు చేసి రాత్రిలా చూపించడం! హాలెండు చిత్రకారుడు రెంబ్రాంట్ 1642లో గీసిన మహాచిత్రానికి ఆ టెక్నిక్ ఎవరూ చెయ్యకుండానే జరిగిపోయింది. ఆయన గీసింది పగటి వెలుగులో కదిలే కాపలాదళాన్ని. వార్నిష్ ముదిరి, మురికి పట్టి ఆ పగలు కాస్తా రాత్రి అయిపోయింది. పద్ధెనిమిదో శతాబ్దం చివరికి జనం దానికి 'నైట్ వాచ్' అని పేరే పెట్టేశారు! రెండో ప్రపంచయుద్ధం అయ్యాక, 1946-47లో, శుభ్రం చేస్తే గాని లోపలి వెలుగు మళ్ళీ కనపడలేదు. పేరు మాత్రం అలాగే నిలిచిపోయింది.

ఆ వార్నిష్ విలన్ అనుకుంటున్నారా? తొందరపడకండి. 1990 ఏప్రిల్‌లో ఒకడు ఆమ్‌స్టర్‌డాం మ్యూజియంలోకి వచ్చి అదే 'నైట్ వాచ్' మీద యాసిడ్ చల్లాడు. కాపలావాళ్ళు క్షణాల్లో నీళ్ళు కొట్టారు. యాసిడ్ వార్నిష్‌ని తిన్నది, రంగు దాకా దిగలేదు. విలన్ అనుకున్నవాడే హీరోయిన్‌కి అడ్డుపడి కత్తిపోటు తిన్న సీను!

ముందు లైట్లు... తరువాతే యాక్షన్

అసలైన నిపుణుడి దగ్గరికి పటం తీసుకెళితే మొదటి రోజున ఆయన దాన్ని ముట్టుకోనే ముట్టుకోడు. చూస్తాడు. మన వూళ్ళో పేరున్న వైద్యుడు నాడి పట్టుకోకుండా మందివ్వడు కదా, అలాగే.

ముందు మామూలు వెలుతురులో ఫోటోలు తీస్తాడు. తరువాత దీపాన్ని ఒక పక్కనుంచి ఏటవాలుగా వేస్తాడు. ఎక్కడ రంగు లేచిందో, ఎక్కడ పగిలిందో ఆ నీడల్లో కొండలూ లోయల్లా కనపడుతుంది. ఆ తరువాత గదంతా చీకటి చేసి అల్ట్రావయొలెట్ దీపం వెలిగిస్తాడు. డిస్కో పాటల్లో తెల్లబట్టలు ధగధగ మెరుస్తాయే, ఆ జాతి దీపమే. దాని కింద పాత గుగ్గిలం వార్నిష్ ఆకుపచ్చగా మసకమసగ్గా మెరుస్తుంది. తరువాతి కాలంలో ఎవరో రంగు పూసి సరిచేసిన చోట్లు నల్లమచ్చలుగా బయటపడతాయి. ఎన్ని చేతులు మారిందో, ఎవరెవరు చెయ్యి చేసుకున్నారో అంతా అందులో దొరికిపోతుంది. సి.ఐ.డి. సినిమా చూసినట్టే వుంటుంది!

రంగు పెచ్చులు లేచి వుంటే ముందు వాటిని పల్చటి కాగితం వేసి, తగిన జిగురుతో యథాస్థానంలో అతికిస్తాడు. అప్పటిదాకా శుభ్రం మాటే లేదు. ఆ తరువాత మొదలయ్యేది పొడి పని. పటాన్ని కాస్త ముందుకి వంచి, మెత్తటి వెంట్రుకల కుంచెతో దుమ్ముని మెల్లగా కిందికి జారవిడుస్తాడు. దుమ్ము పటం మీద పడకుండా నేల మీదికి పోవాలి. చాలా బొమ్మలకి ఈ ఒక్క పనితోనే సగం కళ వచ్చేస్తుంది.

ఎంగిలి మహాత్మ్యం

ఆ తరువాత వచ్చేది వింటే మన మామ్మలు "రామరామ!" అని చెవులు మూసుకుంటారు. జిడ్డుమురికి తియ్యడానికి నిపుణులు తరతరాలుగా వాడుతున్న మందుల్లో ఒకటి ఉమ్మి!

నవ్వకండి. దూదిపుల్లని నాలుక మీద తడిపి, బొమ్మ మీద పొర్లిస్తే మురికి అంటుకొచ్చేస్తుంది. ఇది ఉత్త నమ్మకమా, నిజమా అని పోర్చుగల్ శాస్త్రజ్ఞులు ముగ్గురు పరీక్షించి 1990లో పరిశోధనాపత్రం ప్రచురించారు. ఉమ్మిలో అమైలేజ్ అనే ఎంజైము వుంది. మనం నమిలే అన్నంలోని పిండిపదార్థాన్ని కరిగించేది అదే. దాని పుణ్యమే ఇదంతా అని తేల్చారు. 2018లో ఆ ముగ్గురికీ ఇగ్ నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ముందు నవ్వించి తరువాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చే బహుమతి అది. శబరి ఎంగిలి రాముడికి పనికొచ్చినట్టు, నిపుణుడి ఎంగిలి రెంబ్రాంట్‌కి పనికొస్తుందన్నమాట!

కాని ఒక్క మాట. ఉమ్మి కూడా నీళ్ళే కదా. పైన చెప్పిన సరేసు సంగతి మరిచిపోకండి. వార్నిష్ లేని బొమ్మల మీద, ముఖ్యంగా ఇరవయ్యో శతాబ్దపు నూనెరంగుల్లో కొన్నిటి మీద, ఒట్టి నీళ్ళు తగిలినా రంగు వూడొస్తుంది. కాబట్టి నాలుక వుంది కదా అని ప్రయోగాలు మొదలెట్టకండి సుమా!

దూదిపుల్ల మీద సస్పెన్స్

మురికి పోయాక మిగిలేది ముదిరిన వార్నిష్. అసలు సస్పెన్స్ ఇక్కడే!

వార్నిష్‌ని కరిగించాలి, దాని కింద రంగుని కరిగించకూడదు. రెండూ ఒకదానినొకటి అంటిపెట్టుకుని వున్నాయి. వార్నిష్ కరిగే ద్రావకం దొరకాలి, అందులో రంగు కరగకూడదు. అందుకని నిపుణుడు అన్నిటికన్నా మెత్తని ద్రావకంతో మొదలెడతాడు. ఫ్రేము అంచు కింద దాగే చోట, చిటికెన వేలి గోరంత జాగాలో పరీక్ష. పని చెయ్యలేదా, కొంచెం బలమైనది. అదీ పని చెయ్యలేదా, ఇంకొంచెం. వైట్ స్పిరిట్, ఆల్కహాలు, అసిటోన్ లాంటివాటిని పాళ్ళు మార్చి మార్చి కలుపుతూ మెట్టు మెట్టూ ఎక్కుతాడు. ఒక మెట్టు వదిలి ఇంకో మెట్టు మీదికి దూకడు. అంచు దగ్గరి ఎరుపుకి పనికొచ్చిన పాళ్ళు నడిమి నీలానికి పనికి రాకపోవచ్చు. అందుకే రంగు రంగుకీ వేరే పరీక్ష.

పని చేసేటప్పుడు రుద్దడం అనేది వుండదు. పుల్లకి చుట్టిన దూదిని అప్పడాల కర్రలా పొర్లిస్తాడు. ఒక పొర్లింపు, దూది వంక ఒక చూపు. దూది పసుపుపచ్చగా, గోధుమగా వస్తే వార్నిష్ దిగుతోందని అర్థం. దూది మీద ఎరుపో నీలమో పిసరంత కనపడిందా... కట్! పని ఆగిపోవాల్సిందే. అరచేతి మేర శుభ్రం కావడానికి ఒక్కోసారి రోజులు పడుతుంది. ఆ ఓపిక లేనివాడు ఈ పనికి రాడు.

ఈ మధ్య కాలంలో ద్రావకాన్ని ముద్దలో బంధించి వాడే పద్ధతి కూడా వచ్చింది. అమెరికా నిపుణుడు రిచర్డ్ వోల్బర్స్ 1980లలో ఈ జెల్ పద్ధతులకి బాట వేశారు. ఫలూదాలో జెల్లీకి మన వంటవాళ్ళు వాడే చైనాగడ్డి వుంది చూశారూ, ఆ అగర్‌తో కూడా ఇలాంటి ముద్ద చేస్తారు. ముద్దలో వున్న తడి పైపైనే పని చేస్తుంది, లోపలికి ఇంకిపోదు. సరేసు క్షేమం, రంగు క్షేమం!

ఇవే పద్ధతులు ఇప్పుడు 'నైట్ వాచ్' మీదికీ వచ్చాయి. 2019లో దాని మీద పెద్ద పరిశోధన మొదలుపెట్టారు. అయిదేళ్ళు చూసి చూసి, 2024 నవంబరులో గాని వార్నిష్ తియ్యడానికి చెయ్యి వెయ్యలేదు! అదీ సందర్శకుల కళ్ళెదుటే, అద్దాల గదిలో. ముందు ద్రావకంతో కొద్దిగా తడిపిన మెత్తటి గుడ్డముక్క పరిచి వార్నిష్‌ని పీల్పించడం, మిగిలినదాన్ని మైక్రోస్కోపులో చూస్తూ దూదిపుల్లతో తియ్యడం. చూడ్డానికి అయిదేళ్ళు, ముట్టుకోడానికి ఒక్క దూదిపుల్ల!

లండన్‌లో గలాటా

పెద్దవాళ్ళు చేస్తే అంతా సవ్యంగా వుంటుందని కాదు. రెండో ప్రపంచయుద్ధంలో బాంబుల భయానికి లండన్ నేషనల్ గ్యాలరీవాళ్ళు బొమ్మల్ని వేల్స్‌లో పలకరాతి గనిలో దాచారు. ఆ రోజుల్లో కొన్నిటిని శుభ్రం చేశారు. 1947లో వాటన్నిటినీ ప్రదర్శనకి పెడితే వూరంతా గొడవే గొడవ! "అబ్బ, ఎంత కాంతిగా వున్నాయి!" అని ఒక వర్గం. "పాతదనమంతా గీకేశారు, చిత్రకారుడు ఆఖర్న వేసిన పల్చటి పూతలు కూడా వార్నిష్‌తో పాటు కొట్టుకుపోయాయి" అని ఇంకో వర్గం. ఆ వాదన ఏళ్ళ తరబడి నడిచింది. మంచే జరిగింది లెండి. ద్రావకం తగిలితే రంగుపొర లోపల ఏం జరుగుతుందో లెక్కకట్టే పరిశోధనలు ఆ తరువాతే జోరందుకున్నాయి. చేసే ప్రతి పనీ ఫోటో తీసి, రాసిపెట్టాలనే నియమం గట్టిపడింది.

ఆ గొడవల్లోంచి తేలిన నీతి ఒకటుంది. కొత్తగా చేర్చేది ఏదైనా సరే, మళ్ళీ తీసెయ్యగలిగేదిగా వుండాలి. కొత్త వార్నిష్ వేసినా, రాలిన చోట రంగు అద్దినా, రేపు ఇంకో నిపుణుడు వచ్చి దాన్ని సునాయాసంగా తీసెయ్యగలగాలి. అసలు రంగు మీదికి మాత్రం ఒక్క చుక్క కూడా పోకూడదు. కాని తుడిచి తీసేసినదాన్ని మళ్ళీ పెట్టడం బ్రహ్మదేవుడి వల్ల కూడా కాదు. అందుకే చేర్చేటప్పటికన్నా తీసేటప్పుడే పదిరెట్లు భయం.

ఈ భయం లేకపోతే ఏమవుతుంది? 2012లో స్పెయిన్‌లో బోర్హా అనే వూళ్ళో చర్చి గోడ మీది క్రీస్తు బొమ్మని ఒక పెద్దావిడ భక్తితో బాగుచెయ్యబోయింది. ఆ ముఖం చూసి లోకమంతా నవ్వింది. ఆవిడ మనసులో చెడ్డ వుద్దేశం లేదు. మన మామ్మ మనసులోనూ లేదు. ప్రేమ వుంటే సరిపోదు, అదీ చిక్కు.

వంటింటి విలన్లు

ఇప్పుడు మన ఇళ్ళల్లో తిరిగే విలన్ల పరిచయం.

బంగాళాదుంప: దాని తడి పగుళ్ళలోకి దిగుతుంది, దాని పిండి బొమ్మ మీద మిగిలి బూజుకీ పురుగుకీ విందవుతుంది.

నిమ్మకాయ, ఉల్లిపాయ: పులుపులో యాసిడ్ వుంది. రంగుపొడుల్లో కొన్ని దానికి తట్టుకోలేవు.

సబ్బు, సోడా: నూనెలో క్షారం కలిపి మరిగిస్తే వచ్చేదే సబ్బు. నూనెరంగు మీద క్షారం రాస్తే ఏం జరుగుతుందో మీరే వూహించండి.

కొబ్బరినూనె: కోనసీమ పక్కన వున్నాం కదా, ఈ విలన్ మహా తీపిమాటలవాడు. రాయగానే బొమ్మ నిగనిగలాడుతుంది. కాని అది ఎప్పటికీ ఆరి గట్టిపడదు. దుమ్ముని పిలిచి కూర్చోబెట్టుకుంటుంది. అవిసెనూనె రాస్తే ఇంకో రకం చేటు. అది ఆరి, పచ్చబడి, మొండికేసి మళ్ళీ రాదు.

గోళ్ళరంగు తీసే మందు: అందులో తరచుగా వుండేది అసిటోన్. నిపుణుడు బొట్లు లెక్కపెట్టి వాడే ఆయుధం అది. డ్రెస్సింగ్ టేబుల్ మీద దొరికింది కదా అని తాతగారి ముఖం మీద పొయ్యకండి.

ఈకల బ్రష్షు: లేచిన రంగు పెచ్చుకి ఈక తగులుకుంటే పెచ్చు కాస్తా ఈకతో పాటే వచ్చేస్తుంది.

అసలది ఆయిల్ పెయింటింగేనా?

మన ఇళ్ళల్లో "ఆయిల్ పెయింటింగు" అని చెప్పుకునేవాటిలో ఎన్నో నిజానికి అచ్చుబొమ్మలు. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టి లక్ష్మినీ, సరస్వతినీ, శకుంతలనీ వేలకొద్దీ అచ్చువేయించారు. మన పౌరాణిక సినిమాల దేవతలు కట్టిన చీరలకీ, పెట్టిన కిరీటాలకీ ఆ బొమ్మల ఛాయ ఎంతో వుంది. వాటిని ఓలియోగ్రాఫులంటారు. కాగితం మీద అచ్చువేసి, పైన వార్నిష్ పూసి, నూనెరంగుల్లా కనిపించేట్టు చేసేవారు. వాటికి నీళ్ళు తగిలితే కాగితమే పాడైపోతుంది!

తెలుసుకోవడం ఎలా? భూతద్దం పెట్టి చూడండి. ముఖంలో సన్నటి చుక్కలు చుక్కలుగా కనిపిస్తే అచ్చుబొమ్మ. కుంచె లాగిన గీతలు, రంగు ఎత్తుపల్లాలు కనిపిస్తే చేత్తో గీసింది. పటం వెనక్కి తిప్పితే గుడ్డ కనిపిస్తుందేమో చూడండి. అయితే కొన్ని అచ్చుబొమ్మల్ని కూడా గుడ్డకి అతికించేవారు కాబట్టి, అద్దం పరీక్షే నమ్మకమైనది. నీటిరంగుల బొమ్మయితే అసలు మాట్లాడే పనే లేదు. దాన్ని తడిపితే రంగే పోతుంది. పొడి దుమ్ము కూడా నిపుణుడి చేతే తీయించాలి.

మరి మనం చెయ్యగలిగిందేమిటి?

చాలా వుంది! పటాన్ని చెమ్మ గోడకి ఆనించకుండా, వెనక గాలి ఆడేట్టు నాలుగు మూలలా చిన్న బెండుముక్కలు పెట్టండి. ఎండ పడే కిటికీకి ఎదురుగా, దేవుడి దీపానికి పైన తగిలించకండి. ఫ్రేము తుడవండి, బొమ్మని వదిలెయ్యండి. రంగు ఎక్కడా లేచి లేదని పక్కనుంచి టార్చి వేసి చూసుకున్నాకే, మెత్తటి పొడికుంచెతో దుమ్ము దులపండి. ఏ కాస్త అనుమానమున్నా అదీ వద్దు. బూజు కనిపిస్తే తుడవకండి, చుట్టుపక్కల పటాల నుంచి వేరుచేసి గాలి తగిలే పొడిచోట పెట్టండి. ముందూ వెనకా ఫోటోలు తీసి దాచండి.

నిపుణులెక్కడున్నారంటారా? హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో సంరక్షణ ప్రయోగశాల వుంది. లక్నోలో 1976లో మొదలైన జాతీయ సంరక్షణ పరిశోధనశాల వుంది. 1984లో పుట్టిన ఇంటాక్ సంస్థ సంరక్షణ కేంద్రాలు బయటివారి బొమ్మల్ని కూడా చేపడతాయి. ఎవరి దగ్గరికి వెళ్ళినా ఒక్కటి గమనించండి. "రెండు గంటల్లో కొత్తదానిలా చేసిచ్చేస్తానండీ" అన్నవాడికి నమస్కారం పెట్టి పటం వెనక్కి తెచ్చేసుకోండి. "ముందు చూడాలండి, పరీక్ష చెయ్యాలండి, ఏం చేశానో రాసిస్తానండి" అన్నవాడు మీవాడు.

ఇంటర్లో కెమిస్ట్రీ చదువుతూ నోటుబుక్కు వెనక హీరో బొమ్మలు గీసే కుర్రాళ్ళూ అమ్మాయిలూ మన వూళ్ళల్లో బోలెడంతమంది. ఆ రెండు విద్యలూ ఒకే మనిషిలో కలిస్తే పుట్టేది ఈ వృత్తే. చిత్రకారుడి కన్నూ, కెమిస్టు చెయ్యీ, వాచీ రిపేరువాడి ఓపికా కావాలి. ఢిల్లీలో 1989లో ఏర్పడిన నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్‌లో ఇందులో ఎమ్మే కూడా పెట్టారు. సంస్థ పేరు ఇప్పుడు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్. తెరమీద పేరు పడని టెక్నీషియన్ వుద్యోగం ఇది. కాని ఆ టెక్నీషియన్ చెయ్యి బావుంటేనే హీరో ముఖం నిలుస్తుంది!

ఈసారి సినిమాకని రాజమండ్రి వెళ్ళినప్పుడు, తెరిచే వేళ కనుక్కుని, మ్యాట్నీకి ముందు దామెర్ల గ్యాలరీలో ఓ గంట గడపండి. రామారావుగారి బొమ్మల్ని ఎదురుగా నిలబడి చూడండి, కాస్త పక్కకి జరిగి ఏటవాలుగా కూడా చూడండి. నూరేళ్ళ కిందట ఇరవయ్యేళ్ళ చిల్లర వయసు కుర్రాడొకడు కుంచె ఎక్కడ ఆపాడో కనిపిస్తుంది. అంత బాగా ఆపడం ఆయనకి తెలుసు. తుడిచేవాడికి కూడా తెలిస్తే చాలు.